స్కానింగ్ డాక్టరుగారి మంచినీళ్ళు

మొన్న మా క్లినిక్‌కి కొత్త స్కానింగ్ మిషను వచ్చింది. మిషనంటే పెద్ద మిషనేమీ కాదు, గుప్పిట్లో పట్టేంత ముక్క. సెల్‌ఫోనుకి తగిలిస్తే కుక్క కడుపులో ఉన్నదంతా ఫోనులో కనిపిస్తుంది. అది ఎలా వాడాలో చూపించడానికి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. అంత ఎండలోనూ టై కట్టుకుని ఉన్నాడు పాపం. టీకా కోసం వచ్చిన ఒక లాబ్రడార్ ఉంటే, దాని యజమానిని అడిగి, దాన్నే బల్ల మీద పడుకోబెట్టాం. ఇంజనీరు దాని పొట్ట మీద జెల్లీ రాసి, ఫోనుకేసి కాసేపు చూసి, నా వైపు తిరిగి, "మేడమ్, కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. కుక్క వంక చూశాను. నిక్షేపంలా తోక ఊపుతోంది. ఇంజనీరుని లోపలి గదిలోకి లాక్కుపోయి, గొంతు తగ్గించి, "ఏం కనపడింది?" అని అడిగాను. అతను బిత్తరపోయి, "ఏమీ లేదండీ, దాహం వేసింది" అన్నాడు.

అతనికి నీళ్ళిచ్చి, నేనూ ఒక గ్లాసు తాగి, కూర్చుని నవ్వుకున్నాను. పోయి ఇన్నేళ్ళయినా మా స్కానింగ్ డాక్టరుగారు నన్నింకా ఇలా ఉలిక్కిపడేట్టు చేస్తూనే ఉన్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా విశాఖపట్నంలో కుక్కకి స్కానింగ్ అంటే జనం పకపకా నవ్వేవారు. నాన్నగారికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి చేరిన కుటుంబం మాది. నేను పశువైద్యం చదివి, సీతమ్మధారలో ఒక పిండిమిల్లు పక్కన రెండు గదులు అద్దెకి తీసుకుని బోర్డు కట్టాను. నా దగ్గరున్న యంత్రాలన్నీ కలిపితే ఒక థర్మామీటరు, ఒక స్టెతస్కోపు. సరిగ్గా అప్పుడే, ఉద్యోగంలోంచి రిటైరైన ఒక పశువుల డాక్టరుగారు ఎక్కడో వాడేసిన స్కానింగ్ మిషనొకటి సంపాదించి, దాన్ని స్కూటరు మీద పెట్టుకుని ఊళ్ళోని క్లినిక్కులన్నీ తిరగడం మొదలుపెట్టారు. ఫోను చేస్తే చాలు, ఊరికి ఏ మూలకైనా వచ్చేవారు. అందరూ ఆయన్ని స్కానింగ్ డాక్టరుగారనే అనేవాళ్ళు. అసలు పేరు చెప్పినా ఇప్పుడెవరూ గుర్తుపట్టరు.

ఆయన రావడం ఒక వేడుక. మిషను చిన్న టీవీ అంత ఉండేది. దానికి వాళ్ళావిడ పాత చీరలతో బొంత కుట్టి ఇచ్చింది. ఆ బొంతలో చుట్టి, స్కూటరు మీద కాళ్ళు పెట్టుకునే చోట నిలబెట్టి, రెండు మోకాళ్ళతో అదిమి పట్టుకుని వచ్చేవారు. ఆయన నెత్తి మీద ఏమీ ఉండేది కాదు. హెల్మెట్ మాత్రం మిషనుకి పెట్టి, గెడ్డం కింద బెల్టు కట్టినట్టే బొంత చుట్టూ బెల్టు బిగించేవారు. దూరం నుంచి చూస్తే ఎవరో పొట్టి మనిషిని ముందు కూర్చోబెట్టుకుని వస్తున్నట్టుండేది.

"మీకుండాలి కదా సార్ హెల్మెట్?" అంటే, "నా బుర్ర పగిల్తే కుట్టడానికి ఊరినిండా డాట్రులున్నారమ్మా. ఇది పగిల్తే కుట్టేవోడేడీ?" అనేవారు.

ఆయనది శ్రీకాకుళం వైపు ఊరు. అంత చదువూ, అన్నేళ్ళ ఉద్యోగమూ ఆయన మాటనేమీ చెయ్యలేకపోయాయి. ఆడవాళ్ళని అమ్మా అనో, అప్పా అనో, అంటే అక్కా అని, మగవాళ్ళందరినీ బావా అనే పిలిచేవారు. మగవాళ్ళంటే మగకుక్కలు కూడా. "ఏటి బావా, ఏటి తినేసినావ్? సెప్పేయ్, నాను ఎవరికీ సెప్పను" అంటూ దాని చెవి దగ్గర గుసగుసలాడుతూ పొట్ట తడిమేవారు. ఒకసారి రిటైరైన నేవీ ఆఫీసరుగారొకరు తన ఆల్సేషన్‌ని అలా పిలవడం విని ముఖం ముడుచుకున్నారు. ఈయన అది గమనించి, "తవరినీ బావా అనే అందును గానీ, ఇంకా అంత సనువు రాలేదు కదండీ" అన్నారు. ఆఫీసరుగారు ఎలా నవ్వారంటే కుక్క భయపడి బల్ల దిగిపోయింది.

జెల్లీ సీసా ఎప్పుడూ చొక్కా లోపల, బనీనుకి ఆనించి పెట్టుకునేవారు. ఆ సీసా మూత సరిగ్గా పట్టేది కాదేమో, ఏ చొక్కా చూసినా పొట్ట దగ్గర ఒక మరక. ఎందుకీ అవస్థ అంటే, "సల్లటిది తెచ్చి పొట్టమీద పోత్తే నువ్వూరుకుంతావేటి? నానైతే కరిసేత్తాను" అనేవారు.

ఆ రోజుల్లో మా పేటలో ఎవరింట్లో చూసినా పొమేరియన్‌ కుక్కే. స్కానింగ్ చెయ్యాలంటే పొట్ట మీది బొచ్చు గొరగాలి. ఆ తెల్లటి బొచ్చు మీద కత్తెర పడితే ఇంటి ఇల్లాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు. వాళ్ళని ఒప్పించడం నా వల్ల అయ్యేది కాదు. ఆయన మాత్రం చేతులు జోడించి, "సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నారనుకోండమ్మా. మనం బుర్రకి గుండు సేయించుకుంతాం, ఇది పొట్టకి సేయించుకుంతాది. అంతే తేడా" అనేవారు. అప్పన్న పేరెత్తాక ఇంకెవరు కాదంటారు?

మనుషుల స్కానింగ్ కోసం గుట్టుగా వచ్చి అడిగేవాళ్ళూ ఉండేవారు. కడుపులో ఉన్నది ఆడో మగో చూసి చెప్పమని. వాళ్ళ మీద కోప్పడగా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ చూపించి, కూర్చోబెట్టి, చాలా మర్యాదగా, "మా కాడ తోకున్నోళ్ళకేనమ్మా స్కానింగ్. ఏదీ, ఓపాలి తోక సూపించండి" అనేవారు. వాళ్ళు వచ్చిన దారినే పోయేవాళ్ళు. మళ్ళీ వచ్చినవాళ్ళు లేరు.

అన్నింటికంటే పెద్ద తంతు పిండిమిల్లుది. పక్కన మిల్లు తిరుగుతుంటే మా క్లినిక్‌లో కరెంటు ఊగిసలాడేది, మిషను తెర మీద బొమ్మ చిందులేసేది. అందుకని ముందు మా ఫ్యాను ఆపి, ఫ్రిజ్ ఆపి, తరవాత ఆయన గుమ్మంలోకి వెళ్ళి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "బావా! ఆపు!" అని కేకేసేవారు. మిల్లు ఓనరు ఎవరి మాటా వినని మొండిమనిషి. ఈయన కేకకి మాత్రం ఠక్కున ఆపేసేవాడు. మిల్లు ఆగితే అక్కడ పిండి కోసం క్యూలో ఉన్న ఆడవాళ్ళకి తోచదు కదా, గిన్నెలూ డబ్బాలూ చంకన పెట్టుకుని మా కిటికీ దగ్గర చేరేవారు. తెర మీద కుక్కపిల్లల గుండెలు మిణుకుమిణుకుమంటుంటే, "అదిగదిగో" అంటూ ఒకళ్ళనొకళ్ళు తోసుకునేవారు. ఎన్ని పిల్లలని అడిగితే ఆయన తెర మీద చూసినదానికంటే ఒకటి తగ్గించే చెప్పేవారు. "ఒకటెక్కువొత్తే సంబరం. ఒకటి తగ్గితే నన్ను తిడతారు" అనేది ఆయన లెక్క. పని అవగానే మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి, "బావా! ఆడించుకో!" అని అరిచేవారు. మిల్లు మొదలయ్యేది.

ఇక మంచినీళ్ళ సంగతి.

తెర మీద శుభం కనిపిస్తే ఆయన, "టీ సెప్పమ్మా, అల్లం ఎక్కువెయ్యమను" అనేవారు. అశుభం కనిపిస్తే టీ మాట ఎత్తకుండా, "కాసిన్ని మంచినీళ్ళిప్పిత్తావా?" అనేవారు. నేను లోపలి గదిలోకి వెళ్తే, వెనకే వచ్చేవారు. అక్కడ మూలన కుండ ఉండేది. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, విషయం రెండు ముక్కల్లో నాకు చెప్పి, తరవాత మిషను బొంతలో చుట్టే పని పెట్టుకునేవారు. తల ఎత్తేవారు కాదు. అంత మాటకారి, అంత నవ్వించే మనిషి, చెడ్డ కబురు దగ్గరికొచ్చేసరికి పిల్లిలా జారుకునేవారు. "సూడ్డం నా పని, సెప్పడం నీ పని" అని ఒక ఒప్పందం ఆయనే రాసుకుని ఆయనే సంతకం పెట్టుకున్నారు.

చెప్పడంలో నేనేమైనా ఘనురాలినా? మా గోదావరి మర్యాదలన్నీ ఒలకబోసి, "అంటే ఏంటంటేనండీ, అలా అని కాదు గానండీ" అంటూ నీళ్ళు నమిలేదాన్ని. కుక్కకి ఏమైందో అర్థంకాక యజమానులే నన్ను ఓదార్చి వెళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి.

అలా సాగిపోతుండగా సముద్రం ఒడ్డునున్న యారాడ నుంచి ఒకావిడ వచ్చింది.

మా వీధుల్లో గంప పెట్టుకుని చేపలు అమ్మే మనిషే. భర్త పడవ మీద వేటకి వెళ్తాడు. ఆ రోజు ఆ గంపలో చేపల బదులు గుడ్డలు పరుచుకుని ఒక తెల్ల పొమేరియన్ ఉంది. పేరు పింకీ. నేవీ వాళ్ళెవరో బదిలీ అయిపోతూ దాన్ని ఆవిడకి ఇచ్చి వెళ్ళారట. పొట్ట బిందెలా ఉంది.

"కడుపుతో ఉందమ్మా మా పింకీ. నెలలు నిండిపోనాయి, ఇంకా ఈనలేదు. నీళ్ళు మాత్రం తెగ తాగేత్తంది. తిండి మానేసింది. పాలసొర ఒండి పెడితే కూడా ముట్టలేదు" అంది.

పాలసొర అంటే చిన్న సొరచేప. పాలు పడతాయని బాలింతలకి వండి పెడతారు. ఈవిడ ముందుచూపుతో పింకీకి అప్పుడే మొదలుపెట్టేసింది. అంతటితో ఆగలేదు. పింకీ మెడలో పసుపుతాడూ, దానికి ఎర్ర గాజులూ కట్టి ఉన్నాయి. వాళ్ళ వీధి ఆడవాళ్ళందరూ చేరి సీమంతం చేశారట. పుట్టబోయే పిల్లలు ఎవరెవరికో పంపకాలు కూడా అయిపోయాయి. ఆ మాట చెప్తూ ఆవిడ మురిసిపోతుంటే నాకు నవ్వు వచ్చింది గానీ, పింకీ కళ్ళు చూశాక నవ్వు ఆగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. తల ఎత్తలేకపోతోంది. వయసు కూడా తక్కువేం కాదు.

డాక్టరుగారికి ఫోను చేశాను. హెల్మెట్ పెట్టుకున్న మిషనుతో వచ్చారు. గాజులు చూసి, "ఓలమ్మా, పేరంటానికి నన్ను పిలవలేదేటి అప్పా?" అన్నారు. ఆవిడ నవ్వింది. పొట్ట గొరిగారు, చొక్కాలోంచి సీసా తీశారు, గుమ్మంలోకి వెళ్ళి కేకేశారు. మిల్లు ఆగింది. కిటికీ దగ్గర ఆడవాళ్ళు చేరారు.

ఆయన తెర వైపు చూస్తున్నంతసేపూ ఆవిడ పింకీ తల నిమురుతూ మాట్లాడుతూనే ఉంది. "మా ఆయన పడవ ఇంకా కంటికి ఆనకముందే ఇది ఒడ్డున గెంతులేసేత్తాది బాబూ. ఎలా తెలుత్తాదో దీనికి. పొద్దున్నే ఇది గెంతిందంటే నాను పొయ్యి ముట్టిత్తాను. మంచి కబురు ఎప్పుడూ ఇదే తెత్తాది నాకు."

తెర మీద నేనూ చూస్తున్నాను. ఎక్కడా మిణుకులు లేవు. పొట్టనిండా లావుపాటి నల్లటి గొట్టాలు, కదలిక లేకుండా. కిటికీ దగ్గర కూడా ఎవరూ "అదిగదిగో" అనలేదు.

డాక్టరుగారు చెయ్యి తీసేశారు. నా వైపు తిరిగి, ఎప్పటిలాగే, "అమ్మాయ్, కాసిన్ని మంచినీళ్ళిప్పిత్తావా?" అన్నారు.

నేను లోపలికి అడుగు వెయ్యబోయాను. ఈలోపల ఆవిడ తన గంపలో చెయ్యి పెట్టి, తను తెచ్చుకున్న నీళ్ళ సీసా తీసి, మూత తిప్పి ఆయన చేతికి అందించింది.

"నాకాడున్నాయి బాబూ. తాగు."

ఆయన సీసా పట్టుకుని నిలబడిపోయారు. లోపలి గదికి వెళ్ళడానికి ఇక వంక లేదు. తప్పక రెండు గుక్కలు తాగారు.

"మొత్తం తాగు" అంది ఆవిడ. "తాగేక సెప్పు. మా ఊర్లో పడవ మీదనుంచి సెడ్డ కబురు తెచ్చినోడు గుమ్మంలోకొచ్చి ముందు నీళ్ళే అడుగుతాడు బాబూ. మా అన్న కబురూ అలాగే తెచ్చినారు. దాహం తీరకుండా ఆ మాట సెప్పించకూడదు."

ఆయన ఆ సీసా మొత్తం తాగారు. స్టూలు లాక్కుని, ఆవిడకి ఎదురుగా కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"పిల్లల్లేవప్పా" అన్నారు. "గర్భసంచి నిండా సీము పట్టింది. ఈయేళే కోసి ఆ సంచి తీసెయ్యాల. తియ్యకపోతే సచ్చిపోతాది. తీసినా బతుకుతాదని ఒట్టేసి సెప్పలేను. బతికితే మాత్రం మళ్ళీ గెంతుతాది. పిల్లలు ఇంకెప్పుడూ పుట్టవు."

అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆవిడ పింకీ మెడలోంచి గాజుల తాడు విప్పి, నడుం దగ్గర దోపుకుంది. "పిల్లలకేటి బాబూ, ఊరినిండా ఉన్నాయి. ఇది కావాల నాకు. కొయ్యండి" అంది.

కోశాం. కత్తి పట్టింది నేనే అయినా పక్కన నిలబడి ధైర్యం చెప్పింది ఆయన. "నువ్వు కానీయమ్మా, నానున్నాను" అంటూనే ఉన్నారు. మిల్లు మాట మా ఇద్దరికీ గుర్తులేదు. అంతా అయ్యి బయటికొచ్చి చూస్తే మిల్లు ఓనరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ పూట మిల్లు ఆడించనే లేదట. "బతికిందా?" అని అడిగాడు. అప్పుడే గంపలో ఉన్న పింకీ మత్తులో నాలుక బయటపెట్టి మూతి నాక్కుంది. డాక్టరుగారు ఆ మొండిమనిషిని కావిలించుకున్నారు. పిండంతా చొక్కాకి అంటుకుంది. జెల్లీ మరక మీద పిండి పడి, పేస్టులా తయారైంది.

కుట్లు విప్పించుకోవడానికి పింకీ గంపలో కాదు, నడిచి వచ్చింది. ఆవిడ డాక్టరుగారికి వంజరం చేప తెచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మరి పాలసొరేదీ అప్పా? మాకు పాలు పడక్కర్లేదు గానీ తినడానికేటి అడ్డం?" అని పోట్లాడారు. తరవాతి వారం అదీ వచ్చింది. మా ఇంట్లో వండించి, మిల్లు ఓనరుతో సహా అందరం తిన్నాం.

ఆ రోజు తరవాత ఆయన మా కుండ దగ్గరికి వెళ్ళలేదు. శుభమైనా అశుభమైనా స్టూలు లాక్కుని యజమాని ఎదురుగా కూర్చుని చెప్పేవారు. నన్ను పక్కన నిలబెట్టుకునేవారు. "నేర్సుకోమ్మా, నీకే పనికొత్తాది" అనేవారు. నేను నేర్చుకున్నానో లేదో నాకు తెలియదు. ఆయన ఉండగా నాకా అవసరం పడలేదు.

తరవాత క్లినిక్కులు ఎవరి మిషను వాళ్ళు కొనుక్కున్నారు. నేనూ కొన్నాను. ఆయన రావడం తగ్గింది, అయినా టీకి మాత్రం వచ్చేవారు. చెడ్డ కబురు చెప్పాల్సొస్తే నేను మళ్ళీ ఎప్పటిలా నీళ్ళు నమలడమే. ఒక మధ్యాహ్నం స్కూటరు లేకుండా ఆటోలో దిగారు. మనిషి సగం అయిపోయారు. చేతిలో పెద్ద కవరు, అందులో ఫిల్ములు. నా బల్ల మీద పెట్టి, "సూడమ్మా" అన్నారు.

ఫిల్ము తీసి లైటుకి ఎదురుగా పట్టుకున్నాను. కాలేయం నిండా మచ్చలు. మనిషిదైనా కుక్కదైనా అలాంటి మచ్చలకి అర్థం ఒక్కటే. నాకు నోరు ఎండిపోయింది. ఏ వంక పెట్టుకుని లోపలికి వెళ్దామా అని చూస్తున్నాను. ఇంతలో ఆయనే లేచి, లోపలి గదిలోకి వెళ్ళి, కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకొచ్చి నా చేతిలో పెట్టారు.

"తాగు. మొత్తం తాగేక సెప్పు."

తరవాత గుమ్మంలోకి వెళ్ళి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, ఉన్న ఓపికంతా కూడదీసుకుని, "బావా! ఆపు!" అని కేకేశారు. గొంతు ముందులా లేదు. అయినా మిల్లు ఆగింది.

నీళ్ళు తాగాను. స్టూలు లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. ఏడుపు వస్తూనే ఉంది, అయినా చెప్పాను. ఎక్కడ మొదలైందో, ఎక్కడిదాకా పాకిందో, కోయడానికి వీల్లేదని, నొప్పి లేకుండా చూసుకోవడం తప్ప చేసేదేమీ లేదని. అండీలూ గానండీలూ ఏవీ అడ్డం రాలేదు. ఆయన పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు తల ఊపుతూ విన్నారు.

అంతా అయ్యాక, "మీకు ముందే తెలుసు కదా సార్?" అన్నాను.

"నా కాలేయం నాకు తెలీదేటమ్మా?"

"మరి నన్నెందుకు అడిగారు?"

"ఆస్పత్రిలో ఎవుడూ సెప్పట్లేదమ్మా" అన్నారు, ఆ జబ్బు ముఖంలోనే అల్లరిగా నవ్వుతూ. "అందరూ మంచినీళ్ళు తాగడానికి లోపలికెల్లిపోతన్నారు."

నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన బొజ్జ మీద, ఎప్పుడూ జెల్లీ మరక ఉండే చోట చెయ్యి పెట్టుకుని, నా కంటే గట్టిగా నవ్వారు. తరవాత కుర్చీలో వెనక్కి వాలి, "టీ సెప్పమ్మా, అల్లం ఎక్కువెయ్యమను" అన్నారు.

"టీ శుభవార్తకి కదా సార్?"

"నీకు సెప్పడం ఒచ్చేసింది కదమ్మా. అది శుభం కాదేటి?"

లేవబోయి, లేవలేక, గుమ్మం వైపు చెయ్యి చూపించారు. ఆయన బదులు నేనే వెళ్ళి, నోటి దగ్గర రెండు చేతులూ పెట్టుకుని, "బావా! ఆడించుకో!" అని అరిచాను.